బంగారం కొట్లో వాచీ కౌంటర్ మీరే చూస్కోవాలా? సెల్ మార్చడం, బెల్ట్ వేయడం ఇట్లా

"అన్నా, మా ఓనరు రేపట్నుంచి వాచీల కౌంటర్ నువ్వే చూస్కో అన్నాడు, సెల్ వేయడం ఎట్లా?" ఈ ప్రశ్న ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. ప్రతి ఒక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేబదులు ఒకసారి మొత్తం రాసేస్తే పోయిద్దని కూర్చున్నా.

నేను గుంటూరులో ఒక బంగారం షాపులో వాచీల కౌంటర్ చూస్తా. బంగారానికీ వాచీకీ ఏం సంబంధం అనుకోవద్దు, పెళ్లికొడుక్కి ఉంగరం, చైను కొనడానికి వచ్చినోళ్లు పనిలోపని వాచీ కూడా ఇక్కడే తీస్కుంటారు, ఆ తర్వాత ఎన్నేళ్లకి సెల్ అయిపోయినా "మీ దగ్గరే కొన్నాం కదా" అని మన దగ్గరికే వస్తారు. వాచీ మెకానిక్ అవ్వాల్సిన పన్లేదు, సెల్లూ, బెల్టూ, వాచీ చైను లింకులూ ఈ మూడు వస్తే కౌంటర్ నడిచిద్ది.

ముందే ఒక మాట. సెల్ తీసి సెల్ పెట్టడం రెండు నిమిషాల పని, అందులో తప్పులు తక్కువే. ఎక్కువ గొడవలు మూత తీసేటప్పుడు పడే గీతతోనూ, మూత వేసేటప్పుడు పగిలే అద్దంతోనూ వస్తాయి. అందుకని ఆ రెండు చోట్లా కొంచెం ఎక్కువ నస పెడతా, ఓపిగ్గా చదవండి.

ముట్టుకోకూడని వాచీలు

వాచీ చేతికి రాగానే అసలు దీంట్లో సెల్ ఉందా అని చూడండి, నవ్వొద్దు, హెచ్ఎంటీ జనతా పట్టుకొచ్చి "సెల్ వెయ్ బాబూ, ఆగిపోయింది" అనే పెద్దాయన నెలకొకరైనా వస్తారు. అది కీ (పక్కన తిప్పే గుండీ) ఇచ్చే వాచీ, కీ తిప్పి నడిపించి ఇస్తే ఆయన మొహం చూడాలి. ఆటోమేటిక్ అని డయల్ మీద రాసుంటే కూడా సెల్ ఉండదు, చెయ్యి ఊపుడికి తిరిగే వాచీ అది.

సిటిజన్ ఎకో డ్రైవ్, కేసియో టఫ్ సోలార్ లాంటి వాటిల్లో ఉండేది ఛార్జ్ అయ్యే సెల్, దాని బదులు మామూలు సెల్ వేస్తే సైజు సరిపోయినా పాడైపోయిద్ది, లీక్ కూడా అయ్యిద్ది. ఎండలో నాలుగు గంటలు పెట్టి చూడమని చెప్పండి, అప్పటికీ నడవకపోతే సర్వీస్ సెంటర్. స్మార్ట్ వాచీలు అస్సలు తెరవొద్దు. టైటాన్ ఎడ్జ్ లాంటి పల్చటి వాచీలు, మొత్తం మందమే 3.5 మిల్లీమీటర్లు, లోపలి మిషన్ 1.15 మిల్లీమీటర్లు, చెయ్యి కొంచెం గట్టిగా ఆనినా వంగిపోయిద్ది, వాటిని కంపెనీ సర్వీస్‌కే పంపండి. వెనక మూత గీతే కనపడకుండా ఒకటే ముక్కలా ఉన్న వాచీ ఐతే అద్దం వైపు నుంచి తెరిచేది, అదీ మన పని కాదు.

ఏమేం కావాలి

- మూత లేపే కత్తి. వంటింటి చాకు, బ్లేడు, కట్టర్ వద్దే వద్దు.
- తిప్పే మూతలకి రబ్బరు బంతి, అది పట్టనప్పుడు మూడు కాళ్ల రెంచి
- మూత నొక్కే ప్రెస్, దాంతోపాటు వచ్చే నైలాన్ బిళ్లల సెట్టు మొత్తం
- ప్లాస్టిక్ ట్వీజర్ ఒకటి, స్టీలుది ఒకటి
- సన్న స్క్రూ డ్రైవర్లు, 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా
- ఒక కొస ఫోర్కులా, ఇంకో కొస సూదిలా ఉండే టూలు, బెల్ట్ పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్నులు తీయడానికి
- చైన్ పిన్నులు కొట్టడానికి చిన్న సుత్తి, సన్న మేకులాంటి పంచ్, చైన్ నిలబెట్టే ప్లాస్టిక్ దిమ్మ
- మల్టీమీటరు
- కంటికి పెట్టుకునే భూతద్దం, అదే లూప్, బంగారం షాపు కాబట్టి ఇది ఎట్లాగూ ఉంటది
- పాత టూత్ బ్రష్, టూత్ పిక్కులు, గాలి కొట్టే రబ్బరు బుడ్డి, సిలికాన్ గ్రీజు డబ్బా, సెల్లో టేపు

కింద వేసుకోడానికి అంచు ఉన్న ట్రే తీస్కోండి, లేత రంగుదైతే ఇంకా మంచిది. నల్ల వెల్వెట్ ట్రేలో నగ బాగా కనపడిద్దేమోగానీ వాచీ స్క్రూ పడితే దొరకదు. ఇంకోటి, బంగారం తూకం కాటా పక్కన ఈ పని పెట్టుకోకండి, స్క్రూలూ దుమ్మూ అటు పోతే మీకు తిట్లు ఖాయం.

సెల్ మార్చడం

1. కస్టమర్ ముందే వాచీ మొత్తం తిప్పి చూడండి. అద్దం మీద గీతలున్నాయా, వెనక మూత మీద పాత గీకుళ్లున్నాయా, కీ ఉందా, డయల్ మీద తడి మరకుందా, ఉన్నది ఉన్నట్టు పైకి అనండి: "అండీ, ఇక్కడ గీత ముందే ఉందండీ, చూడండి." చీటీ మీద రాసి ఫోన్లో ఒక ఫోటో తీస్కోండి. ఇది సిగ్గుపడే పనేం కాదు, తర్వాత "నువ్వే గీశావ్" అన్నప్పుడు ఆ ఫోటో తప్ప మిమ్మల్ని కాపాడే నాథుడు ఉండడు. రేటు కూడా తెరవకముందే చెప్పండి.

2. ఎప్పట్నుంచి ఆగింది, నీళ్లలో పడిందా, ఈ మధ్య ఎక్కడైనా సెల్ వేయించారా, ఈ మూడు అడగండి. నెల క్రితమే వేయించాం అంటే తప్పు సెల్లులో కాదు మిషన్లో ఉండొచ్చు. కీ బయటికి లాగి ఉందేమో కూడా చూడండి, పిల్లలు లాగేసిన వాచీలు బోలెడు వస్తాయి, లోపలికి నొక్కితే నడిచిద్ది. డబ్బులు రావు, ఆ కస్టమర్ మాత్రం ఇంక వేరే కొట్టుకి పోడు. సెకండ్ల ముల్లు రెండేసి సెకండ్లు ఒకేసారి దూకుతోందంటే చాలా వాచీల్లో అది సెల్ అయిపోతోందని గుర్తు, పాడైందని కాదు.

3. తెరవకముందు కడుగుడు. నీళ్లతో కాదు, పొడి టూత్ బ్రష్‌తో మూత చుట్టూ ఉన్న సందు రుద్దండి. మా ఊళ్లో మిర్చి యార్డులో పనిచేసేవాళ్ల వాచీలు చూస్తే తెలుస్తది, మూత చుట్టూ ఎర్రటి గీతలాగా కారం దుమ్ము గట్టిపడి ఉంటది, అట్లాగే మూత లేపితే అదంతా పళ్లచక్రాల్లో పడిద్ది. బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి, మళ్లీ రుద్దండి. రుద్దేటప్పుడు మీ మొహం పక్కకి తిప్పుకోండి, ఇది అనుభవంతో చెప్తున్నా.

4. మూత ఏ రకమో చూడండి.

నొక్కుడు మూత: అంచులో ఒకచోట చిన్న నొక్కు గానీ కొంచెం పైకి లేచిన పెదవి గానీ ఉంటది, లూప్ పెట్టి చుట్టూ వెతకండి. దొరక్కుండా కత్తి పెట్టొద్దు, గీతలన్నీ పడేది అక్కడే. వాచీ చెవుల (బెల్ట్ తగిలించే కొమ్ముల) మీదా, మూత పక్కన వాచీ ఒంటి మీదా టేపు అంటించండి. కత్తి మొన ఆ నొక్కులో పెట్టి, బొటనవేలు ఒంటికి ఆనించి, లోపలికి పొడవకుండా అక్కడే మెలి తిప్పండి. టక్‌మని శబ్దం వచ్చిద్ది. పొడిస్తే కత్తి జారి ఒకటి మీ అరచేతిలోకన్నా పోయిద్ది లేదా మిషన్లో తీగచుట్టలోకన్నా పోయిద్ది.

తిప్పే మూత: అంచు చుట్టూ గాట్లు ఉంటాయి. ముందు రబ్బరు బంతి అదిమి ఎడమవైపు తిప్పండి, సగం వాచీలు దీనికే వచ్చేస్తాయి, గీత పడే భయమే లేదు. రాకపోతేనే మూడు కాళ్ల రెంచి, వాచీని హోల్డర్లో బిగించి, కాళ్లు గాట్లలో సరిగ్గా కూర్చున్నాయా అని రెండుసార్లు చూసి, పైనుంచి బరువు వేస్తూ తిప్పండి. రెంచి జారితే మూత మీద సగం చందమామలా గీత పడిద్ది, అది పోదు.

స్క్రూల మూత: కేసియో డిజిటల్‌లాంటి వాటికి నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. స్క్రూ గాడిలో మట్టి ఉంటే టూత్ పిక్‌తో తీసి అప్పుడు తిప్పండి, లేకపోతే తల అరిగిపోయిద్ది.

5. మూత తీసి పక్కన బోర్లా పెట్టకండి, వెల్లకిలా పెట్టండి. లోపల రబ్బరు రింగు ఎక్కడుంది, మూతకి అంటుకుందా, ఒంటి గాడిలో ఉందా చూసి ఒక ఫోటో తీయండి. డిజిటల్ వాచీల్లో మిషన్ మీద చీమంత స్ప్రింగు ఒకటి నిలబడి ఉంటది, అలారం మోగడానికి మూతకి తగిలే స్ప్రింగు అది, ఎగిరిపోతే "సెల్ వేశాక బీప్ రావట్లేదు" అని వచ్చేస్తారు. ముందే తీసి డబ్బాలో పెట్టుకోండి.

మూత లోపలి వైపు ఒకసారి చదవండి. ఇంతకుముందు వేసినోళ్లు సన్న గీతలతో తేదీ రాసి ఉంటారు, ఒక్కోదానిమీద ముగ్గురు నలుగురి చేతిరాతలు కనపడతాయి, అదొక డైరీ. సెల్ ఎన్నేళ్లొచ్చిందో దాన్ని బట్టి తెలిసిపోయిద్ది, రెండు మూడేళ్లు రావాల్సింది ఆర్నెల్లకే పోతుంటే ముందే కస్టమర్‌కి చెప్పొచ్చు.

6. పాత సెల్ తీయడం. కొన్నిట్లో పక్క క్లిప్పు నొక్కితే లేచిద్ది, కొన్నిట్లో సెల్ మీద రేకు ఒక స్క్రూతో బిగించి ఉంటది, ఆ స్క్రూ పూర్తిగా తీయక్కర్లా, వదులు చేసి రేకు పక్కకి జరిపితే చాలు చాలాసార్లు. సెల్ పక్కనే రాగిరంగులో మెరిసే తీగచుట్ట కనపడిద్ది, వెంట్రుక కన్నా సన్న తీగ అది, ట్వీజర్ అటు జారి తెగిందా ఆ మిషన్ పని ఐపోయినట్టే. అందుకే సెల్ లేపేటప్పుడు ట్వీజర్ ఎప్పుడూ తీగచుట్టకి అవతలి పక్క నుంచి పెట్టండి.

తీసేముందు ఏ వైపు పైకి ఉందో చూస్కోండి. ఎక్కువ వాచీల్లో ప్లస్ గుర్తూ నంబరూ ఉన్న వైపే పైకి ఉంటది, కానీ అన్నిట్లో కాదు.

7. నంబరు చూసి అదే వేయండి. కంటికి ఒకేలా ఉంది కదా అని వేయొద్దు. నంబరు ఇట్లా అర్థం చేస్కోండి: ఎస్ఆర్ 626 అంటే చివరి 26 మందం, 2.6 మిల్లీమీటర్లు, ముందు 6 వెడల్పుకి గుర్తు, 6.8 మిల్లీమీటర్లు. 621 అంటే అదే వెడల్పు, మందం 2.1. ఈ రెంటి మధ్యే అందరూ పొరపాటు పడేది, 621 ఉన్నచోట 626 వేస్తే రేకు వంగిద్ది, మూత పట్టదు, బలంగా నొక్కితే అద్దం పోయిద్ది. 626 ఉన్నచోట 621 వేస్తే వదులుగా ఉండి చెయ్యి విదిలించినప్పుడల్లా ఆగిద్ది.

ఒక్కో కంపెనీ ఒక్కో నంబరు రాస్తది కాబట్టి ఈ జతలు కాగితం మీద రాసి కౌంటర్ లోపల అంటించుకోండి: 626 అంటే 377, 621 అంటే 364, 920 అంటే 371, 927 అంటే 395, 521 అంటే 379, 616 అంటే 321. ఇవన్నీ 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్లులు. సీఆర్‌తో మొదలయ్యేవి 3 వోల్టుల లిథియంవి, సీఆర్ 2016 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 1.6 మందం, కేసియో ఎఫ్ 91 డబ్ల్యూలో ఉండేది ఇదే.

ఇక్కడ ఒక మోసం ఉంది చెప్తా. ఎల్ఆర్ 626 అనీ ఏజీ 4 అనీ కార్డులు కార్డులుగా చవగ్గా దొరుకుతాయి, సైజు అచ్చం 377ది. అవి ఆల్కలైన్ సెల్లులు, బొమ్మలకీ లైట్లకీ బాగానే ఉంటాయి, వాచీలో వేస్తే వోల్టేజీ మెల్లమెల్లగా పడిపోతూ వచ్చిద్ది, ఎక్కువ కాలం రాదు, పైగా లోపల కారిద్ది. సిల్వర్ ఆక్సైడ్ సెల్ చివరిదాకా 1.55 దగ్గరే నిలబడి అప్పుడు ఒక్కసారి పడిద్ది, వాచీకి కావాల్సింది అదే. నాలుగు రూపాయలు మిగులుద్దని చూస్కుంటే తర్వాత నలభై మాటలు పడాలి.

8. కొత్త సెల్ వేసేముందు మల్టీమీటర్‌తో చూడండి. 1.55 అటూ ఇటూ రావాలి, లిథియంది 3 పైన ఉండాలి. కవర్లో ఏళ్ల తరబడి ఉన్న సెల్ కొత్తదే అయినా డల్‌గా ఉంటది. వేళ్లతో పట్టుకోవద్దు, చెమటా నూనే అంటుకుంటే కాంటాక్టు పాడయ్యిద్ది. స్టీలు ట్వీజర్‌తో సెల్‌ని పై నుంచీ కింద నుంచీ కలిపి పట్టుకుంటే షార్ట్ అయ్యిద్ది, ప్లాస్టిక్‌దానితో పట్టుకోండి.

సెల్ పెట్టాల్సిన గుంటలో తెల్లగానో పచ్చగానో పొక్కులాగా ఉంటే పాత సెల్ కారిందని అర్థం. టూత్ పిక్ కొసకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్ది గీకి తుడవండి, డ్రాపర్‌తో పోయొద్దు. లోపలిదాకా పాకి ఉంటే కస్టమర్‌కి చూపించి మిషన్ మార్చాల్సి రావచ్చు అని అప్పుడే చెప్పండి.

9. సెల్ పెట్టగానే మూత వేయకండి! కీ లోపలికి నొక్కి, ఒక నిమిషం పూర్తిగా ముల్లు చూడండి. సెకండ్ల ముల్లు లేకపోతే లూప్ పెట్టి లోపల చక్రాలు చూడండి, లేదా ఐదు నిమిషాలు పక్కన పెట్టి టైము జరిగిందా చూడండి, అట్లాంటివి కొన్ని 20 సెకండ్లకోసారి మాత్రమే కదులుతాయి.

డిజిటల్‌లో స్క్రీను ఖాళీగా ఉన్నా, పిచ్చి పిచ్చి గీతలు వచ్చినా కంగారు పడొద్దు. కేసియోలాంటి వాటిల్లో సెల్ దగ్గర ఏసీ అని రాసి ఉన్న చోటుని, సెల్ ప్లస్ వైపుని స్టీలు ట్వీజర్‌తో రెండు సెకండ్లు కలపండి, రీసెట్ అయ్యిద్ది. ఈ ఒక్కటి తెలియక ఎన్ని మంచి వాచీలు "పాడైపోయింది" అని వెనక్కి పంపారో.

10. మూత వేయడం. పొద్దున్నుంచీ చెప్తున్న అసలు పని ఇదే.

రబ్బరు రింగు ముందు. గాడిలో చుట్టూ సమంగా కూర్చోవాలి, ఎక్కడైనా మెలి పడినా పగిలినా మార్చండి. సిలికాన్ గ్రీజు వేలికి అద్దుకుని రింగు మెరిసేంత పల్చగా రాస్తే చాలు. పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె రాయొద్దు, రబ్బరు ఉబ్బిపోయిద్ది.

నొక్కుడు మూతకి లోపలి అంచులో ఒకచోట చిన్న గాడి కోసి ఉంటది, అది కీ పుల్ల (కీ నుంచి లోపలికి పోయే సన్న కడ్డీ) మీదకి రావాలి. గాడి వేరేచోట పెట్టి నొక్కితే మూత పట్టదు, బలం పెడితే కీ పుల్ల వంగిద్ది. ఈ ఒక్క పొరపాటే కొత్తగా చేరినోళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది చేస్తారని నా లెక్క.

ముందు రెండు బొటనవేళ్లతో నొక్కి చూడండి, పట్టేస్తే అంతే. పట్టకపోతే ప్రెస్. ప్రెస్‌లో కింది బిళ్ల అద్దానికి తగలకూడదు, అద్దం చుట్టూ ఉన్న లోహపు అంచు మీద ఆనాలి, అంటే బిళ్ల మధ్యలో గుంట ఉండి, ఆ గుంట అద్దం కన్నా కొంచెం పెద్దదిగా ఉండాలి. పై బిళ్ల మూత వెడల్పుకి సరిపోవాలి. వాచీ అడ్డంగా లేకుండా సమంగా పెట్టి మెల్లగా దించండి.

నేను చేరిన మొదటి ఏడాది మాఘమాసంలో, పెళ్లిళ్ల రద్దీ, ఒకామె వాళ్లాయన పెళ్లివాచీ తెచ్చింది. బిళ్ల మార్చే ఓపిక లేక ముందు వాచీకి పెట్టిన బిళ్లతోనే ప్రెస్ దించేశా, చిన్న పటుక్‌మనే శబ్దం, అంతే, తీసి చూస్తే 12 దగ్గర్నుంచి 5 దాకా అద్దం మీద నిలువు చీలిక. ఆమె ఏమీ అన్లేదు, "ఆయనకి చెప్పకండి, అద్దం వేసి ఇవ్వండి" అంది. అద్దం డబ్బులు నా జీతంలోంచే పోయినయ్. అప్పట్నుంచి ప్రతి వాచీకీ బిళ్ల పెట్టి అద్దం మీద వేలితో కొట్టి చూస్తా, బిళ్ల తగులుతుందా లేదా అని.

తిప్పే మూతైతే ముందు ఎడమవైపు కొంచెం తిప్పి, దారాలు, అంటే మర గీతలు, కూర్చున్నట్టు అనిపించాక కుడివైపు. నాలుగు స్క్రూల మూతైతే ఒకటి బిగించాక దాని ఎదురు మూలది, అన్నీ కొంచెం కొంచెంగా.

11. టైము పెట్టడం. ముళ్లు ముందుకి తిప్పుతూ డేట్ ఎప్పుడు మారిందో చూడండి, మారింది అంటే అది రాత్రి 12, అక్కడ్నుంచి లెక్కేసి ఇప్పటి టైము పెట్టండి. ఇది చెయ్యకపోతే మర్నాడు "మధ్యాహ్నం 12కి డేట్ మారుతోంది" అని ఫోన్ వచ్చిద్ది. ముళ్లు రాత్రి 9కీ తెల్లారుజామున 3కీ మధ్య ఉన్నప్పుడు కీ మధ్య మెట్టులో పెట్టి డేట్ తిప్పకండి, అప్పుడు డేట్ చక్రం పళ్లు కలిసి ఉంటాయి, అరిగిపోతాయి. చిన్న ముళ్లున్న క్రోనో వాచీలో స్టాప్ వాచ్ ముల్లు 12 మీద ఆగకపోతే, ఎక్కువ వాచీల్లో కీ పూర్తిగా లాగి పక్క బటన్లు ఒక్కోసారి నొక్కుతూ సున్నాకి తేవచ్చు.

ఇచ్చేటప్పుడు నీళ్ల సంగతి చెప్పండి. 30 మీటర్లు అని రాసున్నంత మాత్రాన ఈతకి పనికిరాదు, పైగా మూత తెరిచాక ప్రెషర్ టెస్ట్ చేయనిదే ఏ గ్యారంటీ ఇవ్వలేం. మన దగ్గర ఆ మిషన్ లేకపోతే లేదని చెప్పండి, "ఏం కాదులెండి" అనొద్దు.

వేసినా నడవకపోతే

ఈ వరసలో చూడండి. కీ లోపలికి ఉందా. సెల్ తలకిందులుగా పెట్టామా. సెల్ మీద కాగితమో ప్లాస్టిక్ పొరో తీయకుండా పెట్టామా, నవ్వకండి, జరిగిద్ది. సెల్ కింద మైనస్ వైపు రేకు పైకి లేచి సెల్‌కి తగులుతోందా, అణిగిపోయి ఉంటే సూదితో కొంచెం లేపండి. ముల్లు అక్కడికక్కడే కొట్టుకుంటూ ముందుకి పోవట్లేదంటే కరెంటు వస్తోంది, చక్రాల్లో చెత్త ఉందని అర్థం. అస్సలు కదలిక లేకపోతే తీగ తెగి ఉండొచ్చు, సర్క్యూట్ పోయి ఉండొచ్చు. మామూలు వాచీల్లో చాలావాటికి మియోటా 2035లాంటి జపాన్ మిషన్ ఉంటది, దాన్ని బాగుచేయడం కన్నా మొత్తం మార్చడం నయం, అది మెకానిక్ చేతికి ఇవ్వండి.

బెల్ట్ మార్చడం

వాచీ రెండు చెవుల మధ్య సందు స్కేలుతో కొలవండి, అదే బెల్ట్ సైజు. మగవాళ్లవి 18, 20, 22, ఆడవాళ్లవి 12, 14, 16 ఎక్కువ. పాత బెల్ట్ కొలిచి చెప్పకండి, చెమటకి ఉబ్బో అరిగో ఉంటది. 19 మిల్లీమీటర్ల సందులో 20 బెల్ట్ ఇరికించొచ్చు గానీ అంచులు నలుగుతాయి, 18 వేస్తే పక్కన ఖాళీ కనపడి పిన్ను బయటికి తెలుస్తది.

1. వాచీని గుడ్డ మీద బోర్లా పెట్టి, చెవుల లోపలి వైపు టేపు వేయండి.
2. టూలు ఫోర్కు కొస బెల్ట్‌కీ చెవికీ మధ్య దూర్చి, పిన్ను గట్టు పట్టుకుని బెల్ట్ మధ్యకి జరపండి. రెండో చేత్తో పిన్ను మీద వేలు పెట్టండి, లేకపోతే స్ప్రింగు కదా, నగల ట్రేల్లోకి ఎగిరిపోయిద్ది.
3. బెల్ట్ కొత్తది వేసేటప్పుడు పిన్నులు కూడా కొత్తవి వేయండి. పాత పిన్ను చెమటకి తుప్పు పట్టి లోపల ఇరుక్కుని ఉంటది, సముద్రం పక్క ఊళ్లవాళ్ల వాచీల్లో మరీనూ.
4. బకిల్ ఉన్న పొట్టి ముక్క 12 వైపు, రంధ్రాలున్న పొడుగు ముక్క 6 వైపు. ఒక కొస చెవి రంధ్రంలో పెట్టి, రెండోది నొక్కి వదిలితే టిక్‌మని పడాలి.
5. ఇప్పుడు బెల్ట్ పట్టుకుని గట్టిగా లాగండి, అటూ ఇటూ మెలితిప్పండి. ఇది మొహమాటానికి చేసేది కాదు, పిన్ను సగమే పడితే ఇక్కడే ఊడాలి, బస్సు కడ్డీ పట్టుకున్నప్పుడు కాదు.

చెమట ఎక్కువ పట్టేవాళ్లకి తోలు బెల్ట్ అంటగట్టకండి, మన ఎండలకి ఒక వేసవిలోనే వాసన వచ్చి నల్లబడిద్ది. సిలికాన్ గానీ నైలాన్ గానీ చూపించండి. వాచీకి అతుక్కున్నట్టు వంపు తిరిగిన చైన్ కొసలుంటే దాని బదులు వేరే చైన్ తేలిగ్గా కుదరదు, ఆ మోడల్‌దే తెప్పించాలి.

చైన్ పొట్టి చేయడం

పెళ్లిళ్లప్పుడు సగం పని ఇదే. కస్టమర్ చేతికి వాచీ పెట్టి, చైన్ వదులు ఎంతుందో రెండు వేళ్లతో పట్టుకుని ఎన్ని లింకులు తీయాలో లెక్కపెట్టండి. బకిల్ మణికట్టు కింద మధ్యలో ఉండాలి, అందుకని రెండు వైపులా సమంగా తీయండి, బేసి సంఖ్య వస్తే ఒకటి ఎక్కువ ఏ వైపు తీస్తే బకిల్ మధ్యకి వచ్చిద్దో చూసి తీయండి. చిటికెన వేలు దూరేంత సందు ఉంచండి, ఏసీ షాపులో సరిపోయింది రోహిణి ఎండలో బిగుసుకుపోయిద్ది. సగం లింకు తేడా ఉంటే లింకు తీయక్కర్లా, బకిల్ పక్కన చిన్న రంధ్రాలుంటాయి, పిన్ను పక్క రంధ్రంలోకి మార్చండి చాలు.

చైన్ లోపలి వైపు చిన్న బాణాలుంటాయి, పిన్ను ఆ బాణం పోయే దిక్కులో బయటికి కొట్టాలి. ఎదురు కొడితే పిన్ను వంగిద్ది, రంధ్రం సాగిద్ది. మళ్లీ వేసేటప్పుడు బాణానికి ఎదురు దిక్కు నుంచి, పిన్ను చీలిక లేని కొస ముందు పోవాలి, చీలిన కొస చివర్న. సుత్తితో టక్ టక్ అని చిన్న దెబ్బలు, ఒకే పెద్ద దెబ్బ కాదు. వేశాక వేలు ఆనిస్తే రెండు పక్కలా పిన్ను తగలకూడదు.

కొన్ని సీకో, సిటిజన్ చైన్లలో చీలిక పిన్ను ఉండదు, నున్నటి పిన్ను, మధ్య లింకులో ఆవగింజంత గొట్టం ఉంటది, పిన్నుని పట్టి ఉంచేది ఆ గొట్టమే. పిన్ను తీయగానే గొట్టం రాలిపోయిద్ది, మనకి తెలీదు కూడా. పిన్ను మాత్రం పెట్టి ఇచ్చేస్తే ఆ రోజు బాగానే ఉంటది, వారం తర్వాత రోడ్డు మీద వాచీ ఊడిపోయిద్ది. కాబట్టి పిన్ను ఏమాత్రం బలం లేకుండా నున్నగా జారిపోతోందంటే ఆగండి, ట్రేలో గొట్టం వెతకండి. స్క్రూ లింకులైతే బిగించేముందు దారాల మీద నీలం లాక్‌టైట్ (స్క్రూ ఊడకుండా పట్టే జిగురు) ఒక చుక్క, ఎర్రది వద్దు, మళ్లీ రాదు.

"చైన్ మురికిగా ఉంది, ఉంగరాలు కడిగే ఆ మిషన్లో వేసివ్వండి" అని తప్పకుండా అడుగుతారు. చైన్ విడిగా తీసి వేయొచ్చు, వాచీ తల మాత్రం ఆ అల్ట్రాసోనిక్ మిషన్లో ఎప్పుడూ వేయకూడదు, నీళ్లు దూరతాయి, స్క్రూలు వదులవుతాయి.

పాత సెల్లులు

కౌంటర్ మీద ఒక్క నిమిషం కూడా వదలొద్దు. కొట్టుకి వచ్చే వాళ్లతో పిల్లలుంటారు, మెరిసే బిళ్ల కనపడితే నోట్లో వేస్కుంటారు, సీఆర్ సైజుది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయిద్ది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆస్పత్రికి పరిగెత్తాలి, సెల్ నంబరు చీటీ రాసి చేతికివ్వండి. తీసిన సెల్ రెండు వైపులా టేపు వేసి మూతున్న డబ్బాలో వేసి, నిండాక ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీస్కునే వాళ్లకి ఇవ్వండి. బంగారం పని చేసేవాళ్లలో ఒకరిద్దరు "దీంట్లో వెండి ఉందంట కదా, కరిగిద్దామా" అంటారు, వద్దు, పాతవాటిల్లో పాదరసం కూడా ఉంటది, ఆ పొగ పీల్చారంటే అంతే సంగతులు.

తీసిన లింకులూ పిన్నులూ మాత్రం పారేయకండి, జిప్ కవర్లో వేసి వాచీ డబ్బాలో పెట్టి, డబ్బా మీద రాసి ఇవ్వండి. పెళ్లైన ఏడాదికి అల్లుడుగారి చెయ్యి లావవుద్ది, అప్పుడు అడిగేది ఆ రెండు లింకులే.